రక్షణ పోతుందా?

"ఏసును నమ్మితే చాలు, ఇక ఏం చేసినా స్వర్గమే అంటారు క్రైస్తవులు" - ఈ మాట మన ఇళ్ళలో తరచుగా వింటుంటాము. ఇతరుల విషయంలోనూ న్యాయం తప్పవద్దని దివ్య ఖుర్ఆన్ మనల్ని ఆదేశించింది. కనుక వారు నిజంగా ఏమంటున్నారో చూద్దాం.

ఇందులో వారి మధ్యనే ఏకాభిప్రాయం లేదు. ఘోరపాపం చేసినవాడు విశ్వాసం మిగిలి ఉన్నా దైవానుగ్రహాన్ని కోల్పోతాడనీ, పశ్చాత్తాపపడితే తిరిగి పొందగలడనీ కేథలిక్కులు 1547లో ట్రెంట్ మహాసభలో తీర్మానించారు. దేవుడు ఎన్నుకున్నవాడు చివరికి నశించడని 1618-19లో హాలండులోని డార్ట్ సభ అన్నది. అయితే సత్కార్యాలు అక్కర్లేదని ఆ సభా అనలేదు. నిజమైన విశ్వాసం ఉన్నచోట అవి కనిపించి తీరుతాయన్నది.

మరి మన సంగతి? కర్మలు విశ్వాసంలో భాగం కావన్న ముర్జియా వర్గం మనలోనూ పుట్టింది. ఘోరపాపి కాఫిరేనని ఖవారిజ్‌లు మరో అంచుకు పోయారు. అహ్లె సున్నత్ ధర్మవేత్తలు రెండింటినీ తిరస్కరించారు. బద్ధకంతో నమాజు వదిలేసేవాడు ఇస్లాం పరిధిలోనే ఉన్నాడా అన్నదానిపై మాత్రం వారిలోనూ భేదాభిప్రాయం ఉంది. ఘోరపాపి అన్నారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై). కుఫ్ర్‌కు పాల్పడ్డాడన్నది ఇమామ్ అహ్మద్ (రహ్మలై) నుండి వచ్చిన ప్రసిద్ధ అభిప్రాయం. జుమాకు తప్ప మస్జిదు గడప తొక్కకుండా "కలిమా చదివాం కదా" అనుకునే మన సోదరులకు ఈ చర్చ తెలియదు కాబోలు!

తన ఆచరణ తననైనా స్వర్గంలో చేర్చదనీ, అల్లాహ్ కారుణ్యమే చేర్చాలనీ దైవప్రవక్త (స) సహాబాలకు చెప్పారు. కొద్దిదైనా ఎడతెగకుండా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని కూడా, హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఆ సందర్భంలోనే చెప్పారు.