ముడుతల ఇంజక్షన్లు – వాలిన కనురెప్ప

రెప్ప మూయడం నిమేషం, తెరవడం ఉన్మేషం. ఈ రెండు క్రియలూ వ్యాన వాయువు అధీనంలో ఉంటాయని అష్టాంగ హృదయంలో వాగ్భటాచార్యుడు చెప్పాడు. సుశ్రుతాచార్యుడు ఉత్తర తంత్రంలో పేర్కొన్న 76 నేత్ర రోగాలలో 21 రెప్పకు సంబంధించినవే. వాటిలో ఒకటి వాతహత వర్త్మం. అంటే రెప్ప పట్టు సడలి, చేష్ట కోల్పోయి, మూసుకొనకుండుట. దీనిని ఆయన అసాధ్య వ్యాధులలో చేర్చాడు.

నేడు సౌందర్య చికిత్సల మూలంగా మరొక విధమైన రెప్ప వ్యాధిని చూస్తున్నాము. ఇందులో రెప్ప మూతపడకపోవడం కాక, పైకి లేవకపోవడం ప్రధాన లక్షణం. చేష్ట కోల్పోవడం రెంటికీ సమానమే. అయితే ఇది అసాధ్యం కాదు, తాత్కాలికం. ఈ భేదం తెలియక గాభరాపడేవారూ, కంటిలో పసర్లు పిండుకొని హాని తెచ్చుకొనేవారూ ఉన్నందువల్ల ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఈ మందు ఏమిటి?

ముడుతలకు వేసే ఈ ఇంజక్షన్‌ను జనం బొటాక్స్ అంటారు. దీని మూలద్రవ్యం బొట్యులినమ్ అనే విషం. గాలి సోకని చోట, చెడిన ఆహారంలో పెరిగే ఒక సూక్ష్మజీవి దీనిని తయారుచేస్తుంది. అతి స్వల్ప మాత్రలో, శుద్ధి చేసి వాడినప్పుడు ఇదే ఔషధమవుతుంది. వత్సనాభిని శోధించి వాడే సంప్రదాయం గల మనకు ఈ సూత్రం కొత్త కాదు.

మెల్లకన్నుకు, రెప్పలు ఆగకుండా కొట్టుకొనే వ్యాధికి దీనిని వాడేందుకు అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 1989లో అనుమతించింది. కనుబొమల మధ్య ముడుతలకు అనుమతి 2002లో లభించింది. కంటి వైద్యానికి పుట్టిన మందు అలంకారానికి వచ్చి, అక్కడ కంటినే ఇబ్బంది పెట్టడం గమనింపదగిన విషయం.

రెప్ప ఎందుకు వాలుతుంది?

నరం కండరానికి ఆజ్ఞను ఒక రసాయనం ద్వారా అందిస్తుంది. ఈ మందు ఆ రసాయనం నరం కొస నుండి వెలువడకుండా అడ్డుకుంటుంది. భృకుటి ముడిచే కండరం సడలి, ముడుత సాఫు అవుతుంది. కాని కనుబొమకు దిగువన, కనుగూటిలో, పైరెప్పను ఎత్తే మరొక కండరం ఉంది. సూది మరీ క్రిందికి పడినా, మందు ఎక్కువైనా, ఆ చోటును నలిపినా మందు అక్కడికి జారుతుంది. అప్పుడు రెప్ప వాలుతుంది. అనుమతికి పూర్వం జరిగిన పరీక్షలలో 100 మందిలో సుమారు ముగ్గురికి ఇలా జరిగింది.

సాధారణంగా ఇంజక్షన్ తరువాత రెండు వారాలలోపు ఇది కనబడుతుంది. నరం కొస తిరిగి పనిచేయడం మొదలైనకొద్దీ రెప్ప దానంతటదే లేస్తుంది. ఎక్కువమందికి కొన్ని వారాలు, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది.

నా అనుభవం

వంశధార సముద్రంలో కలిసే మా కళింగపట్నంలో ఎండ, ఇసుక మీది వెలుగు, ఉప్పుగాలి ఎక్కువ. కళ్ళు చికిలించి చూడడం అలవాటై నుదుట గీతలు ముందుగానే పడతాయి. ఇక్కడి ఒక గృహిణి కుమారుని వివాహానికి ముందు పట్నంలో ఈ ఇంజక్షన్ చేయించుకున్నది. అయిదవ నాటికి కుడి రెప్ప సగం వాలింది. "వైద్యులుగారూ, పెళ్ళి ఇంక పది రోజులే ఉంది. ఏ పసరు వేయమంటారు?" అని అడిగింది. ముఖానికి నువ్వులనూనె మర్దన అప్పటికే మొదలుపెట్టింది. నేను ముందుగా ఆ మర్దన మాన్పించాను. పసరు ఇవ్వలేదు. కంటి వైద్యుని వద్దకు పంపాను. ఆయన ఇచ్చిన చుక్కలతో పెళ్ళినాటికి రెప్ప కొంత లేచింది. ఏడవ వారానికి పూర్తిగా సరిపోయింది.

చేయవలసినవి, చేయకూడనివి

1. ఇంజక్షన్ తరువాత నాలుగు గంటలు పడుకోకూడదు, ఆ చోటు రుద్దకూడదు. అభ్యంగం, నస్యం, ముఖలేపాలు చికిత్స చేసిన వైద్యుడు అనుమతించే వరకు ఆపాలి.

2. రెప్ప వాలితే కంటి వైద్యుని చూడాలి. రెప్పను ఎత్తే రెండవ చిన్న కండరాన్ని ఉత్తేజపరచే చుక్కలు ఉన్నాయి. ఇవి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తగలవు. గ్లకోమా, గుండె జబ్బు ఉన్నవారు వైద్యునికి ఆ సంగతి ముందే చెప్పాలి.

3. ఉల్లిరసం, తేనె, ఆముదం, ఆకుపసర్లు కంటిలో వేయరాదు. ఇవి విషాన్ని విరచలేవు, కంటిపొరను పుండు చేయగలవు. నేత్ర తర్పణం వంటి క్రియలూ ఈ సందర్భంలో రెప్పను త్వరగా లేపుతాయని ఆశించరాదు.

4. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కండరాల బలహీనత వ్యాధి ఉన్నవారు ముడుతల కోసం ఈ ఇంజక్షన్ తీసుకోకూడదు. జెంటామైసిన్ వంటి మందులు దీని ప్రభావాన్ని పెంచుతాయి.

5. ముఖ కండరాల నిర్మాణం తెలిసిన చర్మ వైద్యుడో, నేత్ర వైద్యుడో చేయవలసిన పని ఇది. అలంకార శాలలలో చేయించుకోరాదు.

ఇంజక్షన్ తరువాత మ్రింగుడు పడకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి చేరాలి.

ఇంజక్షన్ లేకుండా రెప్ప వాలితే

మన ప్రాంతపు కుటుంబాలు తప్పక గుర్తుంచుకోవలసినది ఇదే. రాత్రి నేలమీద పడుకున్నవారికి ఉదయం లేచేసరికి రెండు రెప్పలూ వాలి ఉంటే కట్లపాము కాటును అనుమానించాలి. ఆ కాటుకు నొప్పిగాని వాపుగాని దాదాపు ఉండదు. గాటు కనబడకపోవచ్చు. ఆ విషం కూడా నరం కొసనే దెబ్బతీస్తుంది. తరువాత ఊపిరి ఆగుతుంది. మంత్రాలకు, వేర్లకు కాలం వ్యర్థం చేయక 108కు ఫోను చేసి పాము విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి తరలించాలి.

హఠాత్తుగా ఒక రెప్ప వాలి, తీవ్రమైన తలనొప్పి, ఒకటి రెండుగా కనబడడం, కంటిపాపల పరిమాణంలో తేడా ఉంటే మెదడు రక్తనాళాల వ్యాధి కావచ్చు. అప్పుడు ఒక గంట కూడా ఆగరాదు. ఉదయం బాగుండి, సాయంత్రానికి రెప్పలు వాలుతుంటే కండరాల బలహీనత వ్యాధికి పరీక్ష చేయించాలి.

ఇంకొక మాట. బొట్యులినమ్ సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండవచ్చు. పెద్దలకు హాని లేదు. కాని ఏడాది నిండని శిశువు ప్రేగులలో అవి మొలకెత్తి విషం పుట్టించగలవు. మలబద్ధకం, నీరసపు ఏడుపు, పాలు చీకలేకపోవడం, రెప్పలు వాలడం లక్షణాలు. కనుక పురిటిబిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారాన్ని మానాలి. మందులను తేనెతో రంగరించి నాకించడమూ ఏడాది దాటిన తరువాతనే.

ముడుతలకు మన మార్గం

జర సహజం. దానిని ఆపే ఔషధం లేదు, మందగింపజేసే దినచర్య ఉంది. ఎండలో గొడుగు, తలపాగా, నల్లకళ్ళద్దాలు వాడండి. దూరం కనబడక కళ్ళు చికిలిస్తుంటే అద్దాలు మార్పించుకోండి. వారానికి రెండుసార్లు స్నానానికి ముందు నువ్వులనూనెతో మృదువుగా అభ్యంగం చేసుకోండి. ఉసిరిక, వేళకు నిద్ర, పొగాకు మానడం దీనికి తోడైతే చాలు. ఇవి గీతలను ఒక్క వారంలో చెరపవు, కాని రెప్పనూ వాల్చవు.