బిడ్డకు తండ్రెవరో తేల్చేది ఏ కోర్టు?

ప్రశ్నలు - జవాబులు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఈ నాలుగు ఉత్తరాల్లోనూ ఒకటే బాధ: బిడ్డ నాది కాదన్న మాట. ఏ కోర్టుకు పోవాలని అడిగే ముందు బిడ్డకు ఇప్పుడేం కావాలో తేల్చుకోండి. తిండికీ చదువుకూ డబ్బు కావాలా? చట్టం ముందు తండ్రి పేరు నిలబడాలా? ఈ రెండింటికీ దారులు వేరు.

ప్రశ్న: గుడిలో తాళి కట్టాడు. ఆదోనిలో బాడుగింట్లో రెండేళ్లు కాపురం చేశాం. బిడ్డ పుట్టినాక బళ్లారికి పోయి, పెండ్లే కాలేదు, బిడ్డ నాది కాదు అంటున్నాడు. పాలకు కూడా కష్టంగా ఉంది. కేసు వేయాలంటే బళ్లారికి పోవాలా?
— ఒక చెల్లెలు, ఆదోని

జవాబు: పోనక్కర్లేదు చెల్లెమ్మా. మీకు ముందు కావలసింది మనోవర్తి. పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమల్లో ఉంది. తల్లిదండ్రులకు పెళ్లయినా కాకున్నా, తనను తాను పోషించుకోలేని మైనరు బిడ్డను స్తోమత ఉన్న తండ్రి పోషించాల్సిందే. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది.

ఎక్కడ వేయాలో 145వ సెక్షన్ చెబుతుంది. అతను ఉన్నచోట వేయవచ్చు, భార్య నివసించేచోట వేయవచ్చు, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్నచోటా వేయవచ్చు. అతను పెళ్లే కాలేదన్నా, మీరు చివరిగా కలిసి ఉన్నది ఆదోనిలోనే కాబట్టి ఆదోనిలో వేసే హక్కు మీకుంది. మామూలుగా ఈ పిటిషన్ వినేది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు. ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి వచ్చే ప్రాంతాల్లో మాత్రం ఆ కోర్టే వింటుంది. కర్నూలు ఫ్యామిలీ కోర్టు హద్దులోకి మీ ఇల్లు వస్తుందో రాదో ఆదోని కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అడిగి తెలుసుకోండి.

పెళ్లి రిజిస్టరు కాలేదని దిగులుపడకండి. మనోవర్తి కేసులో పెళ్లికి గట్టి రుజువులు అడగరు. బాడుగ చీటీ, ఫొటోలు, కాన్పు నాటి ఆసుపత్రి కాగితాలు, జనన ధ్రువపత్రం, పక్కింటివారి సాక్ష్యం సమకూర్చుకోండి. మధ్యంతర మనోవర్తి కూడా అడగండి. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలని చట్టం చెబుతోంది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా బిడ్డకే నష్టం.

ప్రశ్న: బెంగళూరులో బేల్దారి పని చేస్తా. నెలల తరబడి ఇంటికి రాను. పోయినేడు కొడుకు పుట్టినాడు. ఊర్లో నానా మాటలు అంటున్నారు. ప్రైవేటు ల్యాబులో డీఎన్ఏ పరీక్ష చేయించి ఆ కాగితం పట్టుకుని కోర్టుకు పోదామనుకుంటున్నా. ఏ కోర్టుకు పోవాలి?
— ఒక సోదరుడు, ఎమ్మిగనూరు మండలం

జవాబు: తమ్ముడూ, పెళ్లితో ముడిపడిన బిడ్డ చట్టబద్ధత గురించి ప్రకటన కోరే దావాను 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఫ్యామిలీ కోర్టుకు అప్పగించింది. ఆ కోర్టు హద్దు దాటిన ప్రాంతాల్లో సివిల్ కోర్టు వింటుంది. అయితే గడప తొక్కేముందు ఒక సంగతి తెలుసుకోండి.

చెల్లుబాటయ్యే పెళ్లి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అని చట్టం నిర్ధారణగా తీసుకుంటుంది. పెళ్లి రద్దయిన 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ విషయంలోనూ, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, అంతే. పాత సాక్ష్య చట్టంలో ఇది 112వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116. దీన్ని తోసిపుచ్చాలంటే, గర్భం నిలిచే కాలంలో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని మీరు రుజువు చేయాలి. పనికి పోయి నెలల తరబడి రాలేదన్నంత మాత్రాన సరిపోదు. నడుమ పండక్కో జాతరకో ఒక్కసారి వచ్చి ఉన్నా మీ వాదన నిలవదు.

అడిగిందే తడవుగా కోర్టు డీఎన్ఏ పరీక్షకు పంపదు. భార్యాభర్తల తగవులో పిల్లలకు అలవాటుగా ఈ పరీక్షలు చేయించకూడదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చాటుగా తెచ్చుకున్న ల్యాబు కాగితం కోర్టు ఆదేశించిన పరీక్షకు సాటిరాదు. ఊరి నోటిని నమ్మి పసివాడి నుదుట చెరగని మచ్చ వేయకండి. ముందు మీ భార్యతో కూర్చుని మాట్లాడండి. ఆ తర్వాతే వకీలు దగ్గరకు పోండి.

ప్రశ్న: మా అమ్మను చిన్నప్పుడే దేవుడి పేరున బసివినిగా విడిచారు. ఒకాయన మమ్మల్ని కన్నాడు కానీ పేరివ్వలేదు. నాకు పందొమ్మిదేళ్లు, తమ్ముడికి పన్నెండు. ఆయన తండ్రి అని కోర్టుతో చెప్పించుకోవచ్చా? ఆస్తి వస్తుందా?
— ఒక అమ్మాయి, ఆదోని డివిజన్

జవాబు: చెప్పించుకోవచ్చు తల్లీ. బసివిని విడవడాన్ని 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం నేరం చేసింది. ఆ ఆచారం మీ అమ్మకు చేసిన అన్యాయానికి మీరెందుకు తలదించుకోవాలి?

మీ అమ్మకూ ఆయనకూ పెళ్లి లేదు కాబట్టి, తండ్రి అని ప్రకటించమనే మీ దావా సివిల్ కోర్టులో వేయడం సరైన దారి. నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షన్ కింద, ఆయన నివసించే చోటి కోర్టులో వేయాలి. పితృత్వంపై దావా వినే అధికారం మామూలు సివిల్ కోర్టుకు ఉందని 2025 జనవరిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కాలపరిమితి అడ్డు రాకుండా పద్దెనిమిది నిండిన నాటి నుంచి మూడేళ్లలోపు వేయడం మేలు.

మన రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసిన నారాయణ్ దత్ తివారీ మీద ఒక యువకుడు 2008లో ఢిల్లీ హైకోర్టులో ఇలాంటి దావాయే వేశాడు. కాలం చెల్లిందన్న అభ్యంతరాన్ని దాటి, రక్తమివ్వనన్న పట్టును దాటి, 2012లో హైదరాబాదులోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ చేసిన పరీక్షతో గెలిచాడు. ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా కోర్టు పిలిస్తే రావాల్సిందే.

ఆస్తి విషయంలో మాత్రం మీకు లేని ఆశ కల్పించను. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల వాటాలో హక్కుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఏ రకం పెళ్లీ జరగనప్పుడు హిందూ వారసత్వ చట్టం బిడ్డను తల్లి వైపే లెక్కిస్తుంది. తమ్ముడికి మాత్రం మీ అమ్మ ఇప్పుడే మనోవర్తి అడగవచ్చు. ఇంకొక మాట: పెళ్లికాని తల్లి, తండ్రి పేరు బయటపెట్టకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన పేరు అడగడం మీ హక్కు. అది లేకున్నా మీ బతుక్కు లోటు లేదు.

ప్రశ్న: సుగ్గికి (కూలి పనుల వలసకు) గుంటూరు పోయినచోట పక్క ఊరి పిల్లోడు నా కూతుర్ని నమ్మించి మోసం చేశాడు. మనవరాలు పుట్టింది. పెద్దమనుషులు పంచాయితీ చేసి, కొంత డబ్బిప్పించి, బిడ్డకూ అతనికీ సంబంధం లేదని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఇక కోర్టుకు పోలేమా?
— ఒక తల్లి, కోసిగి

జవాబు: తప్పకుండా పోవచ్చమ్మా. మనోవర్తి బిడ్డ హక్కు. దాన్ని వదులుకుంటూ తల్లి వేసిన వేలిముద్ర బిడ్డను కట్టిపడేయదు. తండ్రెవరో తేల్చే అధికారం పెద్దమనుషులకు లేదు. అతను ఉండే ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడ మనోవర్తి పిటిషన్ వేయించండి. ఆ స్టాంపు కాగితం నకలు భద్రంగా ఉంచండి. బిడ్డ గురించి అతను పంచాయితీలో కూర్చుని డబ్బిచ్చాడనడానికి అదీ ఒక ఆనవాలే.

ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చాలు. బిడ్డ జనన ధ్రువపత్రం పట్టుకుని కూతురితో కలిసి ఈ వారమే పోయి దరఖాస్తు ఇచ్చి రండి.