కోడలికి చరిత్ర గ్రంథములు

చిరంజీవికి, పిట్లమునుండి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు అందినది. మా కోడలు ఇంటనున్న నవలలన్నియు ముగించి చరిత్ర చదువ గోరుచున్నదనియు, ఏ గ్రంథమిచ్చిన విసుగుచెందక కడదాక చదువునో తెలుపుమనియు నీవడిగినందులకు నాకెంతో సంతోషమైనది. రాజుల వరుసలును యుద్ధముల తేదీలును నిండిన పుస్తకమును మొదటనే చేతబెట్టినచో ఎంతటి చదువరికైనను విముఖత కలుగును. జనులేమి తినిరో, ఏ దారిని నడిచిరో, దేనికి వెరచిరో తెలుపు గ్రంథముతో ఆరంభించినచో తక్కినవానిని ఆమెయే వెదకికొనును.

కావున మొదట ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర యిమ్ము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, బోయీలు మోయు పల్లకిలో పరివారసమేతుడై కాశికేగి, మరుసటి యేట సెప్టెంబరులో తిరిగివచ్చెను. చేరిన యూర నీటివసతి యెట్టిదో, అంగళ్లు గలవో లేవో, దిగుటకు చోటెక్కడనో, ముందరి బాట యెట్లుండునో మజిలీ మజిలీకి వ్రాసిపెట్టెను. హైదరాబాదునుండి నాగపురమునకు సాగిన ఆ పయనము మన యుత్తర తెలంగాణముగుండ నడచినదే గనుక, నేడు బస్సులో పూటలో గడచు దూరమునకు నాడెన్ని మజిలీలయ్యెనో చూచినప్పుడు ఆ గ్రంథము ఆమెకు పరాయిదిగా తోపదు. 1838లో అచ్చుపడిన దీనిని 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మరల ప్రకటించిరి. ఆ కూర్పు దొరకిన మరియు మేలు.

పిమ్మట సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడిన యీ గ్రంథమున ఆయన కావ్యములనే సాక్ష్యమునకు పిలిచి, పాల్కురికి సోమనాథుని కృతులనుండియు, క్రీడాభిరామమునుండియు, శుకసప్తతి హంసవింశతులనుండియు నాటివారి తిండియు, బట్టయు, ఆటపాటలును, మూఢవిశ్వాసములును ఏరి కూర్చెను. తెలుగునకు దక్కిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము, ఆయన గతించిన పిమ్మట, 1955లో దీనికే లభించినది. రసాస్వాదనకై చదివిన పద్యముననే ఒక సామాన్యుని వంటయిల్లు కానవచ్చుట యెంతటి యానందమో కావ్యప్రియయగు కోడలికి నేను చెప్పనక్కరలేదు. నా యెరుకలో తెలుగున దీనికి సాటి చరిత్ర లేదు.

భండారు అచ్చమాంబగారి అబలాసచ్చరిత్రరత్నమాలయు తప్పక యిమ్ము. పెండ్లియైన పిమ్మట తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాహాయ్యమున చదువు నేర్చిన యిల్లాలు వ్రాసిన స్త్రీల చరిత్రలవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము పెద్దది. దానిని తరువాత చూతము.

ఒక్కమాట. ఇచ్చిన పుస్తకమును నీవును చదువుము, పరీక్షాధికారివలె ప్రశ్నింపకుము. ఆమె యెచట ఆగి ముచ్చటించిన నీవును అచటనే ఆగుము. దసరాకు మీరిరువురు వచ్చితిరేని, 1857 తిరుగుబాటున పాల్గొన్న రాజా దీప్‌సింగుగారి కౌలాసకోట మాకు చేరువనే యున్నది, చూచి వత్తము. కాశీయాత్రచరిత్ర మాత్రము ఈ వారమే సంపాదించి ఆమె చేతికిమ్ము.