కూల్చేసిన ఇంటికి మెదడులో ఒక గుమ్మం

ఢిల్లీలో సరోజినీ నగర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది చవగ్గా బట్టలు దొరికే బజారు. ఆ బజారు చుట్టూ మొన్నమొన్నటి దాకా ఒక పెద్ద కాలనీ ఉండేది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన రెండంతస్తుల క్వార్టర్లు, మధ్య మధ్య పార్కులు, నీడనిచ్చే పాత చెట్లు. ఉద్యోగరీత్యా దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు, వాటిలో తెలుగువాళ్లు కూడా, ఇక్కడే పిల్లల్ని పెంచి, పదవీ విరమణ తర్వాత తాళంచెవులు అప్పజెప్పి వెళ్లిపోయేవారు. 2016 జులైలో కేంద్ర మంత్రివర్గం సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ సహా 7 కాలనీల పునర్నిర్మాణానికి ఆమోదం తెలిపింది. 12,970 పాత ఇళ్ల స్థానంలో సుమారు 25,667 కొత్త ఫ్లాట్లు కట్టాలన్నది ప్రణాళిక. 2018 జూన్‌లో చెట్ల నరికివేతను ఆపాలంటూ జనం సరోజినీ నగర్‌లో చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అయినా పాత క్వార్టర్లు వరుసగా నేలమట్టమయ్యాయి.

అక్కడ పెరిగిన మనిషి ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళ్లాలంటే ఒకే దారి ఉంది: కళ్లు మూసుకోవడం. ఇల్లు లేదు, గుమ్మం లేదు. అయినా లోపలికి వెళ్లగలరు, వంటింట్లోకి తిరగగలరు, పైకెక్కే మెట్ల మీద కూర్చోగలరు. మనలో చాలామందికి ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువు గట్టు కావచ్చు, హాస్టల్ డాబా కావచ్చు. చుట్టూ ఉన్నది భరించలేనప్పుడు మనసు అక్కడికి తప్పించుకుంటుంది. ఆ రహస్య ద్వారం తెరుచుకున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్న ప్రశ్నను శాస్త్రవేత్తలు సుమారు 50 ఏళ్లుగా పరీక్షిస్తున్నారు.

ఈ కాలనీకి పేరిచ్చిన సరోజినీ నాయుడు హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బర్గ్‌లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పొందినవారు. కూతురు గొప్ప గణితవేత్తో శాస్త్రవేత్తో కావాలని ఆయన కోరిక. పదకొండేళ్లప్పుడు ఒక బీజగణితం లెక్క ఎంతకీ తెగక కూర్చుంటే, లెక్కకు బదులు కవిత వచ్చిందని ఆమే తర్వాత చెప్పుకున్నారు. భౌతికశాస్త్రం చదివిన మాలాంటి వాళ్లకు ఆ లెక్క సంగతేమైందన్న దిగులు కొంచెం ఉంటుంది, అది వేరే విషయం.

ఊహలో కూడా దూరం ఉంటుంది

ఊహించుకోవడమంటే పాత ఫొటో తీసి చూడటమేనా? కాదని చెప్పిన తొలి ప్రయోగాల్లో ఒకటి అమెరికన్ మనస్తత్వవేత్త స్టీఫెన్ కాస్లిన్ బృందం 1978లో ప్రచురించింది. గుడిసె, బావి, చెట్టు, చెరువు వంటి 7 గుర్తులున్న ఒక కల్పిత దీవి పటాన్ని కొందరికి కంఠతా పట్టించారు. తర్వాత పటం తీసేసి, మనసులోనే ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు వెళ్లమన్నారు. పటంలో దూరం ఎక్కువైన కొద్దీ మనసులో వెళ్లడానికీ ఎక్కువ సమయం పట్టింది. గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖే. లేని దీవి మీద, కాలు కదపకుండా చేసిన ప్రయాణానికి కూడా కాలం, దూరం లెక్క ఉందన్నమాట.

అదే ఏడాది ఇటలీ నుంచి ఇంతకంటే విచిత్రమైన ఫలితం వచ్చింది. మిలన్ నగరానికి చెందిన ఎదువార్దో బిసియాక్, క్లాదియో లుత్సాత్తి కొందరు రోగుల్ని పరీక్షించారు. వాళ్లకు మెదడు కుడి భాగం దెబ్బతింది. దానివల్ల ఎడమ పక్కన ఉన్నవాటిని పట్టించుకోలేకపోతున్నారు. కంటి జబ్బు కాదు. ఎడమ పక్క అనేది ఒకటుందనే ధ్యాసే లేదు. వాళ్లందరికీ బాగా తెలిసిన చోటు నగరం నడిబొడ్డున ఉన్న కెథెడ్రల్ కూడలి. ముందుగా కూడలికి ఒక చివర నిలబడి కెథెడ్రల్ వైపు చూస్తున్నట్టు ఊహించుకుని, ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమన్నారు. కుడి చేతి పక్కనున్న భవనాలే ఎక్కువగా చెప్పారు, ఎడమ పక్కవి చాలావరకు వదిలేశారు. తర్వాత కెథెడ్రల్ మెట్ల మీద నిలబడి ఇటు తిరిగి చూస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఇప్పుడు ఇందాక వదిలేసిన భవనాలన్నీ కుడి చేతి పక్కకు వచ్చాయి. వాటిని గబగబా చెప్పేశారు. ఇందాక చెప్పినవి మాత్రం మాయమయ్యాయి!

ఇది కొంచెం ఆగి ఆలోచించాల్సిన విషయం. రెండు పక్కల భవనాలూ వాళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి. లేకపోతే రెండోసారి చెప్పగలిగేవారు కాదు. కానీ ఊహలోకి ఏ పక్క నుంచి అడుగు పెట్టారన్న దాన్ని బట్టి కనిపించేది మారిపోయింది. జ్ఞాపకం ఒక చోట భద్రంగా ఉంటుంది. దృశ్యాన్ని మాత్రం మెదడు ప్రతిసారీ, మనం నిలబడ్డ చోటు నుంచి, కొత్తగా కడుతుంది.

ఆరోగ్యవంతుల్లో ఇంత తీవ్రంగా ఉండదు కానీ, ఆ ఛాయ మనకూ ఉంది. మళ్లీ 1978లోనే (ఆ సంవత్సరం ఈ రంగానికి బాగా కలిసొచ్చినట్టుంది) రిచర్డ్ యాండర్సన్, జేమ్స్ పిచర్ట్ ఇద్దరు బడి ఎగ్గొట్టిన పిల్లలు తిరిగే ఒక ఇంటి కథను కొందరిచేత చదివించారు. సగంమందిని దొంగ కళ్లతో, సగంమందిని ఇల్లు కొనేవాడి కళ్లతో చదవమన్నారు. గుర్తున్నదంతా రాసేశాక, దొంగను కొనుగోలుదారుగా, కొనుగోలుదారును దొంగగా మారమన్నారు. కథ మళ్లీ చదవనివ్వలేదు. అయినా ఇందాక రాయని వివరాలు కొన్ని కొత్తగా గుర్తొచ్చాయి.

మీరే చేసి చూడొచ్చు. చిన్నప్పటి ఇంటిని తలచుకోండి. వీధి గుమ్మం నుంచి లోపలికి వెళ్తూ కనిపించినవన్నీ ఒక కాగితం మీద రాయండి. కాసేపు వేరే పని చూసుకుని, ఈసారి పెరటి గుమ్మం నుంచి రండి. గిలక బావి, గిన్నెలు తోమే చోటు, తలుపు వెనక వేలాడే చేట... మొదటి జాబితాలో లేనివి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. పెరడు లేని క్వార్టర్‌లో పెరిగినవాళ్లు బాల్కనీ నుంచి రావచ్చు.

దృశ్యాన్ని కట్టే మేస్త్రి

మెదడులో రెండు పక్కలా, చెవులకు కాస్త లోపలగా, హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఒక ప్రత్యేక రకం నాడీకణాలను గుర్తించారు. ఎలుక గదిలో ఫలానా మూలకు వెళ్తే ఒక కణం, ఇంకో మూలకు వెళ్తే ఇంకో కణం ఉత్తేజితమవుతాయి. వీటికి స్థాన కణాలని పేరు. ఓకీఫ్‌కు, తర్వాత ఈ రంగంలో మరో కీలక ఆవిష్కరణ చేసిన మోసర్ దంపతులకు కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలుక ఒకచోట కూర్చుని మరోచోటును ఊహించుకోగలదా? 2023లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రం బృందం 'సైన్స్' పత్రికలో దీనికి జవాబు చెప్పింది. ముందు ఎలుకల్ని కంప్యూటర్ సృష్టించిన దృశ్యలోకంలో తిప్పి, ఏ చోటుకు ఏ కణాలు స్పందిస్తాయో నమోదు చేశారు. తర్వాత కాళ్లతో నడిస్తే ఫలితం లేకుండా చేసి, హిప్పోక్యాంపస్‌లోని సంకేతాలతోనే ఎలుక ఆ లోకంలో కదిలేలా అమర్చారు. ఎలుకలు వెళ్లాల్సిన చోటుకు సంబంధించిన కణాలను తామే ఉత్తేజితం చేసి అక్కడికి 'చేరుకున్నాయి', ఆ ఆలోచనను కొన్ని సెకన్ల పాటు పట్టి ఉంచాయి. రహస్య ద్వారం మనిషి ఒక్కడి సొత్తు కాదు.

మరి ఈ మేస్త్రి దెబ్బతింటే? లండన్‌లో డెమిస్ హస్సాబిస్, ఎలినార్ మగ్వైర్ బృందం 2007లో హిప్పోక్యాంపస్ పాడైన ఐదుగురిని పరీక్షించింది. ఈ హస్సాబిస్సే తర్వాత కృత్రిమ మేధ రంగంలో ప్రసిద్ధులై 2024లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. అందమైన సముద్రతీరంలో ఉన్నట్టు ఊహించుకోమంటే, ఐదుగురిలో నలుగురు తడబడ్డారు. ఒక రోగి ఆకాశం తప్ప ఏమీ కనిపించడం లేదన్నాడు. పక్షుల కూత, సముద్రపు హోరు వినిపిస్తున్నాయి, వేళ్ల మధ్య ఇసుక తగులుతోంది. సరుకంతా ఉంది, ఇల్లు నిలబడలేదు. ముక్కలన్నిటినీ ఒకే చోటులో అమర్చే శక్తి పోయింది.

అయినా పాత ఊరు నిలిచింది

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. అమెరికాలో ఈ.పీ. అనే పొడి అక్షరాలతో పిలిచే ఒక రోగి ఉండేవాడు. 1992లో మెదడువాపు వచ్చి రెండు పక్కలా హిప్పోక్యాంపస్ దాదాపు నాశనమైంది. మరుసటి ఏడాది వేరే ఊరికి మారాడు. కొత్త ఇంటి చుట్టుపక్కల వీధులు ఎన్నేళ్లున్నా అలవాటు కాలేదు. ఎడ్మండ్ టెంగ్, లారీ స్క్వైర్ అతణ్ని కాలిఫోర్నియాలో తాను పెరిగిన ప్రాంతం గురించి అడిగారు. దాన్ని వదిలి అప్పటికి 50 ఏళ్లు దాటింది. ఇంటి నుంచి ఫలానా చోటుకు ఎలా వెళ్తావు? పెద్ద రోడ్డు మూసేస్తే ఎటు నుంచి వెళ్తావు? ఫలానా చోట నిలబడితే థియేటర్ ఏ దిక్కున ఉంటుంది? అదే ప్రాంతంలో పెరిగి బయటికెళ్లిన ఆరోగ్యవంతులతో సమానంగా చెప్పాడు. 1999లో 'నేచర్' ప్రచురించిన ఫలితమిది. మేస్త్రి లేకపోయినా పాత ఊరు నిలిచే ఉంది.

అయితే ఎంత నిలిచింది? 2006లో మగ్వైర్ బృందం లండన్‌లో 37 ఏళ్లు ట్యాక్సీ నడిపిన ఒక డ్రైవర్‌ను పరీక్షించింది. అతనికీ హిప్పోక్యాంపస్ దెబ్బతింది. కంప్యూటర్‌లో కట్టిన లండన్ వీధుల్లో బండి నడపమంటే, ప్రధాన రహదారుల మీద బాగానే వెళ్లాడు. సందుల్లోకి తిరగాల్సి వచ్చేసరికి దారి తప్పాడు. అంటే పాత చోటు అస్థిపంజరం మెదడు పై పొరల్లో స్థిరపడిపోతుంది, సందులూ మలుపులూ తిరగాలంటే మాత్రం హిప్పోక్యాంపస్ కావాలి. ఇది ఒక వివరణ. ఈ.పీ. పక్క దారులు ఎలా చెప్పాడన్నది దీనికి పూర్తిగా ఒదగదు, వాదన ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం రింగ్ రోడ్డు మిగిలి గల్లీలు చెరిగిపోవడం మనందరి మామూలు మరుపు తీరులాగే కనిపిస్తుంది.

గుమ్మం గురించీ ఒక మాట చెప్పాలి. ఏదో తేవాలని పక్క గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చామో మరచిపోవడం అందరికీ అనుభవమే. 2011లో గేబ్రియల్ రాడ్వాన్‌స్కీ బృందం గుమ్మం దాటడమే మరుపును పెంచుతుందని చూపింది. గడప దాటగానే మెదడు ఒక ఘట్టం ముగిసిందనుకుని కొత్తది మొదలుపెడుతుందని వాళ్ల వివరణ. 2016లో మరో జట్టు ఊహలో గుమ్మం దాటినా ఇదే జరుగుతుందని చెప్పింది. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే, బుర్రలో ఇతర పని ఎక్కువగా ఉన్నప్పుడు తప్ప ప్రభావం పెద్దగా కనిపించలేదు. కాబట్టి ఊహా ద్వారం దాటితే దిగుళ్లన్నీ గడప అవతలే ఉండిపోతాయని ఇప్పుడే అనడం తొందరపాటు. పైగా ఈ ద్వారం రెండు వైపులా తెరుచుకుంటుంది. ఒక విషయాన్ని మాటల్లో ఆలోచించడం కంటే దృశ్యంగా ఊహించడం భావోద్వేగాన్ని ఎక్కువగా కదిలిస్తుందని 2005లో ఎమిలీ హోమ్స్, ఆండ్రూ మాథ్యూస్ చూపారు. సురక్షితమైన చోటును ఊహించుకోమని చికిత్సకులు చెప్పడానికీ, భయానక జ్ఞాపకం బొమ్మలా కళ్లముందు నిలిచి వేధించడానికీ కారణం ఒకటే.

అసలు బొమ్మే కనిపించనివాళ్లూ ఉన్నారు. మనసులో చిత్రం రాని ఈ స్థితికి 2015లో ఆడమ్ జెమాన్ ఎఫాంటేసియా అని పేరు పెట్టారు. నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఉండొచ్చని అంచనా. అది జబ్బు కాదు. 2021లో విల్మా బెయిన్‌బ్రిడ్జ్ బృందం అలాంటివాళ్లకు గదుల ఫొటోలు చూపించి, తీసేసి, గుర్తున్నంత గీయమంది. వస్తువులు తక్కువగా గీశారు, రంగులు తక్కువ వాడారు. ఏ వస్తువు ఎక్కడుందన్నది మాత్రం ఇతరులంత కచ్చితంగానే పెట్టారు. గది కనిపించకపోయినా అందులో తిరగొచ్చన్నమాట.

ఇదంతా ఇళ్లలో అవసరపడే చోటు ఒకటుంది. అల్జీమర్స్‌లో తొలిదశలోనే దెబ్బతినే భాగాలు హిప్పోక్యాంపస్, దాన్ని ఆనుకుని ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్. కొడుకు దగ్గరికి ఢిల్లీ ఫ్లాట్‌కు వచ్చిన పెద్దావిడకు స్నానాల గది ఎటో రోజూ చెప్పాల్సి వస్తుంది. ఊళ్లోని పాత ఇంట్లో ఉప్పు జాడీ ఏ గూట్లో ఉండేదో మాత్రం ఆవిడే చెబుతుంది. "నన్ను ఇంటికి తీసుకెళ్లరా" అంటుంది. "ఇదే కదమ్మా మన ఇల్లు" అని కొడుకు పదిసార్లు చెబుతాడు, పదకొండోసారి విసుక్కుంటాడు. అల్జీమర్స్ ఈ.పీ.కి వచ్చిన జబ్బు కాదు, ముదిరే కొద్దీ మెదడంతా పాకుతుంది, పాత ఇల్లు కూడా ఎప్పటికీ నిలవదు. కానీ తొలి రోజుల్లో ఆవిడ అడుగుతున్నది మొండితనంతో కాదు. ఆవిడ మెదడులో దారి తెలిసిన ఇల్లు అదొక్కటే.

అలాంటప్పుడు "గుర్తుందా?" అని అడిగితే సాధారణంగా "లేదు" అనే వస్తుంది. కాగితం, పెన్సిలు ఇచ్చి ఇంటి పటం గీయమనండి. చేయి వణికితే ఆవిడ చెబుతుంటే మీరే గీయండి. ఒకరోజు వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టండి. మర్నాడు, ఆ కాగితం చూపించకుండా, పెరటి గుమ్మం నుంచి.