సైకిలు ఫోర్కును పరీక్షించుట

వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు కృష్ణానదికి చేరువనున్న పట్టణము. పూర్వము ఇది అమరచింత సంస్థానమునకు ముఖ్యస్థానము. నేడు జూరాల ఆనకట్ట దీనికి సమీపమున కలదు. ఈ ప్రాంతమున రాతిగుట్టలును, చల్కనేలలును మెండు. తారురోడ్డు దిగి పొలముల వైపు పోవు బండిబాటలో సైకిలు తొక్కువానికి గులకరాళ్లును, వానకు కోసుకొనిపోయిన గోతులును అడుగడుగునను ఎదురగును. అట్టి బాటలో ముందుచక్రమునకు తగిలిన దెబ్బ ఫోర్కు గుండ హ్యాండిలునకును, హ్యాండిలు నుండి చేతులకును ప్రాకును.

ఈ దెబ్బను తగ్గించుటకు మానవుడు చిరకాలముగా యత్నించుచున్నాడు. 1888లో డన్‌లప్ గాలిటైరును కనుగొనుటతో సైకిలు ప్రయాణము సుఖకరమైనది. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జో బ్రీజ్ కొండదారులకు తగిన సైకిలును ప్రత్యేకముగా నిర్మించెను. దాని ఫోర్కు కదలని ఉక్కు ఫోర్కే. 1990లో డురాంగో నగరమున జరిగిన ప్రపంచపు పోటీలలో గ్రెగ్ హెర్బోల్డ్ కొండ దిగు పందెమును గెలిచినపుడు, అతని సైకిలునకు రాక్‌షాక్స్ ఆర్.ఎస్.-1 అను సస్పెన్షన్ ఫోర్కు ఉండెను. అది అణగు దూరము సుమారు 50 మిల్లీమీటర్లు మాత్రమే. నేటి కొండసైకిళ్ల ఫోర్కులు సాధారణముగా 100 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని అణగును.

నేడు బజారులో తక్కువ వెల సైకిళ్లకు సైతము ఇట్టి ఫోర్కులు కానవచ్చును. ఒక బాలుడు తండ్రితో దుకాణమునకు పోయి, హ్యాండిలును గట్టిగ నొక్కి చూచును. ఫోర్కు మెత్తగ దిగి, వెంటనే పైకి లేచును. బాలుడు సంతోషించును. తండ్రి కష్టార్జితమును చెల్లించును. కాని ఆ మెత్తదనము మంచితనమునకు గురుతా? ఇచ్చటనే విచారింపవలసియున్నది.

మంచి ఫోర్కు రెండు పనులు చేయవలెను. మొదటిది దెబ్బను గ్రహించుట. ఇది స్ప్రింగు చేయు పని. కొన్నిటియందు ఉక్కుస్ప్రింగునకు మారుగ బిగించిన గాలి ఉండును. రెండవది స్ప్రింగు తిరిగి లేచు వేగమును అదుపుచేయుట. ఇది డాంపరు పని. డాంపరులోని నూనె సన్నని రంధ్రముల గుండ పోవుచు, స్ప్రింగులో నిలిచిన శక్తిని వేడిమిగా మార్చును. డాంపరు లేనిచో స్ప్రింగు తాను గ్రహించిన దెబ్బనే వెంటనే తిరిగి ఇచ్చును. వరుసగా రాళ్లున్న దిగుడులో చక్రము బంతివలె ఎగురును. గాలిలోనున్న చక్రము హ్యాండిలు త్రిప్పినను దారి మార్చదు. బ్రేకు పట్టినను సైకిలును నిలుపదు. కావున ఫోర్కు యొక్క ముఖ్యప్రయోజనము సుఖము కాదు, చక్రమును నేలవిడువకుండ ఉంచుట.

కొనుటకు ముందు చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. ముందుబ్రేకు పట్టి హ్యాండిలును నొక్కి విడువవలెను. ఫోర్కు తడబడక దిగవలెను. ఎగిరిపడక నిదానముగ లేవవలెను. పిమ్మట బ్రేకు పట్టియే సైకిలును ముందువెనుకలకు కదపవలెను. గొట్టములు కలియు చోట వ్రేలుంచినచో అచ్చటి వదులు తెలియును. ఆ వదులు హ్యాండిలు తిరుగు చోటనే ఉన్నచో బిగింపవచ్చును. గొట్టముల నడుమనున్నచో ఫోర్కు అరిగినదని అనుమానింపవలెను.

తరువాత లోపలి గొట్టమునకు ఒక నూలుదారమును చుట్టి, బయటిగొట్టపు అంచువరకు జరుపవలెను. తొక్కువాడు మెల్లగ ఎక్కి, కదలక నిలిచి, మెల్లగ దిగవలెను. దారము జరిగిన దూరమే వాని బరువునకు ఫోర్కు దిగిన కొలత. 100 మిల్లీమీటర్లు అణగు ఫోర్కు సుమారు 15 నుండి 25 మిల్లీమీటర్లు దిగిన మేలు. ఏమాత్రము దిగనిచో స్ప్రింగు వానికి గట్టిది. మిక్కిలి దిగినచో మెత్తనిది. పెద్దవారికి సరిపడు ఫోర్కు బాలునికి సరిపడవలెనను నియమము లేదు.

అసలు పరీక్ష బాటమీదనే జరుగవలెను. ఒకే బాటలో, ఒకే వేగముతో, టైర్లలో ఒకే కొలత గాలితో రెండు సైకిళ్లను నడిపి చూడవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. టైరునందు గాలిని తగ్గించి, అదే సమయమున ఫోర్కును మార్చినచో ఏది మేలుచేసెనో తెలియదు. చేతులకు హాయిగానున్నదా అని మాత్రమే కాక, బ్రేకు పట్టినపుడు ముందుభాగము ఒక్కసారిగా క్రుంగుచున్నదా, మలుపులో చక్రము జారుచున్నదా అని గమనింపవలెను. చివర దారమును చూడవలెను. ఫోర్కు అడుగుదాక దిగి ఠక్కున కొట్టినచో స్ప్రింగు చాలలేదు. సగము కూడ దిగనిచో అది అనవసరముగ గట్టిది.

బరువును మరువరాదు. తక్కువ వెల ఉక్కుస్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల వరకు తూగును. ఎగుడులో ఆ బరువును మోయువాడు తొక్కువాడే. దుమ్ము చేరి సీళ్లు చెడినచో నూనె కారును. కనుక గొట్టములను పొడిగుడ్డతో తుడుచుచుండవలెను. గాలి ఫోర్కునకు ప్రత్యేకమైన పంపు కావలెను. బాగుచేయువారును, విడిభాగములును దొరకని చోట ఎంత గొప్ప ఫోర్కైనను కొలది కాలమునకే భారమగును. బడికి పోయివచ్చువానికి కదలని ఫోర్కును, వెడల్పైన టైరును, మంచి బ్రేకులును అనేకసారులు అంతకంటె మేలు.

చూడగనే మెత్తగ తోచునది మేలైనదని తలచుట తొందరపాటు. కొలిచి, పోల్చి, ఒక్కొక్కదానిని మార్చి చూచి నిర్ణయించుటయే శాస్త్రజ్ఞుని మార్గము. ఒక నూలుదారముతోను, ఒక రాళ్లబాటతోను ఈ మార్గమును ఏ విద్యార్థియైనను అభ్యసింపవచ్చును. అందువలన తండ్రి ధనము వృథా కాదు. దిగుడులో బాలుని ప్రాణమునకును రక్షణ కలుగును.