గాయపడిన ఆరోగ్య కార్యకర్త తిరిగి పనిలో చేరునప్పుడు

పల్నాడు జిల్లాలోని రొంపిచెర్ల వంటి మండలములలో నర్సమ్మగారు, ఆశా కార్యకర్త ప్రతి గడపను ఎరిగినవారు. ఏ యింట గర్భిణి యున్నదో, ఏ బిడ్డకు టీకా తప్పినదో వారికి కంఠతా వచ్చును. ఏబది యేండ్లు దాటిన అట్టి కార్యకర్త వానకాలమున బురదలో జారిపడి మణికట్టు విరుగగొట్టుకొన్నచో, ఆ నష్టము ఆమె యింటిది మాత్రమే కాదు, గ్రామమంతటిది.

విరిగిన మణికట్టు అతుకుటకు సామాన్యముగా ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును. కట్టు విప్పినంత మాత్రమున పూర్వపు బలము రాదు. వయస్సు పైబడినవారికి మరికొంత కాలము కావలెను. ఈ సమయమున రెండు పొరపాట్లు జరుగుటకు అవకాశమున్నది. మొదటి దినముననే పూర్తి పని అప్పగించుట ఒకటి. "ఇక ఈమె వలన కాదు" అని ప్రక్కకు నెట్టుట రెండవది. మొదటిదానివలన నొప్పి తిరుగబెట్టును. రెండవదానివలన ఏండ్ల తరబడి గడించిన అనుభవము గ్రామమునకు దక్కకుండ పోవును.

మెట్టు వెంట మెట్టు

పని చేయవచ్చునని డాక్టరుగారు వ్రాసి యిచ్చిన పిమ్మట, మొదట టీకాల రిజిస్టరు వంటి కూర్చుండి చేయు పనులు, తరువాత దగ్గరి యిండ్లు, చివరకు దూరపు పల్లెలు అప్పగించుట మేలు. ఐసుప్యాకులతో నిండిన టీకాల పెట్టెను కొంతకాలము మరియొకరు మోయవలెను. వాపు గాని నొప్పి గాని పెరిగినచో ఒక మెట్టు వెనుకకు తగ్గి డాక్టరుగారికి చూపవలెను. అందులో సిగ్గుపడవలసినది లేదు.

హక్కులు

ఉద్యోగకాలమున వైకల్యము ఏర్పడిన ప్రభుత్వోద్యోగిని ఆ కారణముచే తొలగింపరాదని, హోదా తగ్గింపరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను చెప్పుచున్నది. పాత పని చేయలేనిచో అదే జీతముపై వేరొక పనికి మార్చవలెను. ఆశా కార్యకర్త గౌరవవేతనముపై పనిచేయునది. ఆశాలను ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్చుటకు 2018లో కేంద్రము నిర్ణయించినది. కాని ఆ బీమా ప్రమాదమరణమునకు, శాశ్వత అంగవైకల్యమునకే వర్తించును. విరిగి అతికిన ఎముకకు వర్తింపదు. కనుక ఇరుగుపొరుగుల అండ ఆమెకు మరింత అవసరము.

పంచాయతీ వంతు

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి పంచాయతీ సభ్యులే అధ్యక్షులు. ఆశా కార్యకర్త అందు కార్యదర్శి. ఆమె కోలుకొనువరకు ఏ యిండ్లకు ఎవరు వెళ్లవలెనో ఆరోగ్యకేంద్రము వారితో మాట్లాడి ఆ కమిటీలో నిర్ణయింపవచ్చును. ఉపకేంద్రము ముంగిట బురద లేకుండ మట్టి పోయించుట, మెట్లకు పట్టుకొనుటకు కమ్మీ పెట్టించుట మనచేతిలోని పనులే. మన బిడ్డల ఆరోగ్యము కనిపెట్టుచు వచ్చిన చేతికి, అది కోలుకొనువరకు మనము ఆసరా కావలెను.