మంచును కరిగిస్తూ దిగే ఇంజినీరింగ్

గ్రీన్‌లాండ్ నడిబొడ్డున మంచు మందం మూడు కిలోమీటర్ల పైమాటే. దాని లోపల ఎంత చలి ఉందో, అడుగున నీరుందో లేదో తెలియాలంటే పరికరం లోపలికి దిగాలి. అంత దూరం డ్రిల్లింగ్ రిగ్గును మోసుకెళ్లడం తలకు మించిన పని. అందుకే కొందరు ముక్కు వేడెక్కే ప్రోబ్‌ను నమ్ముకున్నారు. ముక్కు మంచును కరిగిస్తుంటే ప్రోబ్ సొంత బరువుతో దిగిపోతుంది. జర్మనీకి చెందిన కార్ల్ ఫిల్‌బెర్త్ రూపొందించిన ప్రోబ్ 1968లోనే అక్కడ 1,000 మీటర్ల లోతు అందుకుంది.

సూత్రం ఇస్త్రీపెట్టెదే. చిక్కంతా ప్రోబ్‌కు కరెంటు అందించే తీగతోనే. ప్రోబ్ దిగిన దారి వెనకే మళ్లీ గడ్డకట్టేస్తుంది. తీగను పైనుంచి వదిలితే ఇరుక్కుపోతుంది. ఫిల్‌బెర్త్ తీగచుట్టను ప్రోబ్ లోపలే పెట్టారు. దిగేకొద్దీ అది విప్పుకుంటుంది. కాకపోతే ఆ ప్రోబ్ ఇక పైకి రాదు. ఆ లోటు తీర్చడానికి చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయం రెండు కొసలా వేడెక్కే ప్రోబ్‌ను తయారుచేసి, అంటార్కిటికాలో 200 మీటర్లు దింపి వెనక్కి తీసింది.

ఇంటర్ ఎంపీసీ విద్యార్థి వేయగల లెక్క ఒకటి. 10 సెం.మీ. వ్యాసమున్న ప్రోబ్ మీటరు దిగాలంటే సుమారు 7 కిలోల మంచు కరగాలి. మైనస్ 30 డిగ్రీల మంచును ముందు సున్నాకు తెచ్చి, ఆపైన గుప్తోష్ణం ఇవ్వాలి. మొత్తం దాదాపు 29 లక్షల జౌళ్లు. 5 కిలోవాట్ల హీటరుకు పది నిమిషాల పని. ఇదంతా కాగితం మీద. నిజంలో వేడి పక్కలకు పోతుంది, ముక్కు కింద దుమ్ము పేరుకుంటుంది. జీతమిచ్చేది ఆ తేడాను తగ్గించేవాళ్లకే.

కాబట్టి ‘గ్లేషియాలజీ’ డిగ్రీ ఎక్కడుందని వెతుక్కోనక్కర్లేదు. మెకానికల్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్, ఎలక్ట్రికల్‌లో సన్నటి తీగ గుండా అధిక వోల్టేజీ పంపే విద్య, ఈసీఈలో సెన్సర్లు, ఎమ్మెస్సీలో జియోఫిజిక్స్... ఏ దారైనా సరే. మన దేశ అంటార్కిటికా యాత్రలను గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్) నడిపిస్తుంది. మైత్రి, భారతి స్థావరాలు దాని కిందివే. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలూ మైత్రిలో భూకంప పరిశీలన సాగించారు. పీహెచ్‌డీకి విదేశాలు చూసేవారు ఇలాంటి ప్రోబ్‌లపై పనిచేసిన జర్మనీలోని ఆహెన్, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందాల పరిశోధన పత్రాలు చదవాలి. ఒక్క మాట: ఏటా నోటిఫికేషన్ పడే రంగం కాదిది. పెంగ్విన్ల ఫొటోలు చూసి రావద్దు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు లక్షలేం అక్కర్లేదు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఓ దిమ్మ తెచ్చి, చిన్న కార్ట్రిడ్జ్ హీటరును లోహపు ముక్కులో బిగించి, థర్మోకపుల్ పెట్టి దింపండి. గంటకు ఎంత దిగిందో, లెక్క ప్రకారం ఎంత దిగాలో పక్కపక్కనే గ్రాఫు గీసి, ఆ కాగితంతోనే మీరు చేరాలనుకునే ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టండి.